ఇంటికి తగలని వసారా

13 మార్చి 1949, ఆదివారం

పెరటి వసారా ఇవాళ పూర్తయింది. కొబ్బరి దుంగల గుంజలు, తాటివాసాలు, పైన తాటాకు నేత. మూడు వైపులా తడికలు, తూర్పున మాత్రం తెరిపి. అటు తోట మాదే, పరాయి మొగాడి కన్ను పడదు. పెళ్లయి ఈ ఇంటికొచ్చాక ఆకాశం చూడాలంటే వంటింటి కిటికీయే గతి. రాజులింటి కోడలికి ఘోషా అట, ఘోషా! వీధికుక్కకున్న పర్మిషన్ నాకు లేదు. ఈ వసారా కోసం మా ఆయన ప్రాణం ఎంత తోడేశానో నాకే తెలుసు.

సిద్ధాంతిగారు ఒక మెలిక పెట్టారు. కొత్త చూరు ఇంటి చూరుకి తగిలితే ఇంటి ఆయం, అదే వాస్తు లెక్క, చెడుతుందట. అందుకని నాలుగడుగులు ఎడం వదిలారు. వానొస్తే తడుస్తూ పరుగెత్తాలి. పరుగెత్తుతాను, నాకేం?

అత్తగారు వచ్చి చూశారు. గేదెకి కట్టాల్సిన పాక మా అబ్బాయి పెళ్లానికి కట్టించేడని పనిమనిషి సూరమ్మతో అన్నారు, నాకు వినబడేలాగే. అనుకోనీ.

9 ఏప్రిల్ 1951

నేత రోజు. తాటాకు కప్పు రెండేళ్లు ఆగడమే గొప్ప, మూడో వానాకాలానికి జల్లెడే. కప్పులు నేసే సింహాద్రి, వాడి మనుషులు పాత ఆకు పీకి కొత్తది నేశారు. వాళ్లు వెళ్లేదాకా నేను గదిలో. ఏం చెప్పాలన్నా సూరమ్మ నోటే. ఎండల్లోనే చెప్పించాలండి అమ్మగారూ, వానలు పడ్డాక ఆకూ దొరకదు, మేమూ దొరకమండి, ఆయ్ అని సింహాద్రి తడిక అవతల్నుంచి అరిచి వెళ్లాడు.

సాయంత్రం కొత్త ఆకు వాసనలో కూర్చుని జడ వేసుకున్నాను. హాయి.

24 జనవరి 1952, గురువారం

అత్తగారికి గుండెల నిండా కఫం. రాజోలు నుంచి డాక్టరు వచ్చి పెదవి విరిచాడు. ఆ వెనకే సిద్ధాంతిగారు పంచాంగం విప్పారు. ధనిష్ఠా పంచకం వస్తోందట. ఆ అయిదు రోజుల్లో ఇంట్లో ఎవరు పోయినా ఆర్నెల్లు ఇల్లు పాడుపెట్టి, తాళం వేసి, అందరూ బయటికి నడవాలి. మా ఆయన ముఖాన కత్తివాటుకి నెత్తురు చుక్క లేదు. తల్లి పోతుందని కాదు, ఇల్లు పోతుందని.

ఆవిణ్ని ఎక్కడ ఉంచడం? వసారాలోనట. చూరు తగలదు కనక అది ఇల్లు కాదట. మంచంతో సహా మోసుకెళ్లారు.

నా వసారా!

2 ఫిబ్రవరి 1952

పోలేదు. గంజి అడిగింది.

10 మార్చి 1952

అత్తగారు లేచి కూర్చుంటోంది. తింటోంది. తిడుతోంది. కాళ్లు మాత్రం పడిపోయాయి. అబ్బాయీ, నా గదిలో చస్తానురా, లోపలికి తీసికెళ్లు అని కొడుకుని బతిమాలిందట. పంచకం నెలనెలా వస్తుంది, నెలకోమాటు మొయ్యడం ఎవరి తరం అన్నారట ఆయన. పైగా చావుకని బయటికి తెచ్చిన మనిషిని మళ్లీ గడప దాటించడం అశుభమట. ఆ మాట అనేసి వచ్చి పేపరు చదువుకున్నారు.

నాకు జాలి వెయ్యలేదు. నిజం రాసుకోనప్పుడు ఇంక డైరీ ఎందుకు? నా చోటు పోయింది, అదే నా ఏడుపు. మళ్లీ వంటింటి కిటికీ.

19 అక్టోబరు 1952

ఇంకా ఉంది.

15 ఏప్రిల్ 1953

సింహాద్రి కబురంపాడు, నేతకి ఎప్పుడు రమ్మంటారండీ అని. ఈ ఏడు అక్కర్లేదని సూరమ్మ చేత చెప్పించాను. అది గుడ్లప్పగించి చూసింది. చూస్తే చూడనీ.

నా లెక్క నాకుంది. కప్పు కారితే కన్నతల్లిని తడవనిస్తారా ఈయన? చచ్చినట్టు లోపలికి తెస్తారు. నా వసారా నాకొస్తుంది. నేత సంగతి అప్పుడు చూసుకోవచ్చు. ఆయన పెరటి ముఖం చూడరు, అడిగేదెవరు?

20 జూన్ 1953

మొదటి వాన. వసారా నిండా ధారలు. అత్తగారి మంచాన్ని సూరమ్మ ఈ మూలకీ ఆ మూలకీ ఈడ్చి ఈడ్చి, చివరికి ఆయనతో మొరపెట్టుకుంది. గోనెపట్టా కప్పమన్నారట. గోనెపట్టా! కన్నతల్లికి! ఇలాంటి మనిషితోనా నేను కాపరం చేస్తున్నది?

అత్తగారు నన్ను పిలిపించి, కప్పు నేయించలేదేం అమ్మా అని అడిగింది. సింహాద్రి రాలేదండీ అన్నాను. ఆయ్, అలాగా అమ్మా అంది. చాలాసేపు నా ముఖంలోకే చూసింది. తెలిసిపోయింది ఆవిడకి.

28 జూలై 1953, మంగళవారం, మధ్యాహ్నం

పొద్దుటి నుంచీ కుంభవృష్టి. మేం భోజనాల దగ్గరుండగా అత్తగారు మంచం దిగి, వానలో, బురదలో, డేక్కుంటూ డేక్కుంటూ గడప దాటి వచ్చేసింది. నడవ పొడుగునా బురద చార. తన గదిలో దూరి గడియ వేసుకుంది.

ఆయన తలుపు బాదుతున్నారు. అమ్మా, ఇవాళ ధనిష్ఠే, నీకు దణ్ణం పెడతాను బయటికి రా అని ఏడుస్తున్నారు. తెలిసే వచ్చేనురా నాయనా అంది లోపల్నుంచి. గొంతు ఖణేల్మంది.

అదే రోజు, దీపాలవేళ

తలుపు పగలగొట్టారు. పోయింది.

12 ఆగస్టు 1953

కర్మలయ్యాయి. ఇంటికి తాళం పడింది. పంచకం తగిలిన వాళ్లని గడప ఎక్కనిచ్చే చుట్టం ఎవడు? పైగా గోదావరి పోటు మీదుంది, రేవులో పడవలు ఆపేశారు. వసారాలోనే పొయ్యి, వసారాలోనే పక్కలు. పైన ఆకు మురిగి ముద్దలుగా రాలుతోంది. ఇప్పుడు ఆకెక్కడ దొరుకుతుందండీ అన్నాడట సింహాద్రి. ఎండల్లోనే అడిగేడండి, అమ్మగారే వద్దన్నారండి అని సూరమ్మ ఆయన ముందే అనేసింది.

తిడతారనుకున్నాను. అన్నిటికన్నా ఎక్కువ కారే మూల నా మంచం వేయించారు. గోనెపట్టా కూడా ఇప్పించారు.

21 ఆగస్టు 1953

ఫీవరు. మూడు రోజులుగా మంచం దిగలేదు.

ఆయన కబురంపింది డాక్టరుకి కాదు, సిద్ధాంతిగారికి. పంచకం రెండు మూడు రోజుల్లోనట. పొయ్యి ఇక్కడ వెలుగుతోంది కనక ఇప్పుడు వసారాయే ఇల్లట.

కొబ్బరిచెట్ల కింద సూరమ్మ మంచం పట్టేంత చోటు తుడుస్తోంది.