కార్మెన్ మాతకు కట్టిన బెల్టులు

చిరంజీవి యోవానీకి,

నాన్న దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ మీ అమ్మా బాగానే ఉన్నాం. కాలీ నగరంలో నీ ఒంట్లో, పనిలో అంతా సవ్యంగా ఉందని తలుస్తాను. ఈ వారం రెండు రాత్రులు గడ్డకట్టే మంచు పడింది. పై చేను చెక్కలో బంగాళాదుంప ఆకు నల్లబడింది, కింది చెక్క తప్పించుకుంది. గినీ పందులు తొమ్మిది పిల్లల్ని పెట్టాయి. అమ్మ చక్రాల కుర్చీలోంచే వంగి వాటికి గడ్డి వేస్తోంది, వద్దంటే వినదు.

నీ ఉత్తరం బస్సు డ్రైవరు చేతికిచ్చాడు. అడిగినవాటికి జవాబులు రాస్తాను. అమ్మ మందులు ఆపలేదు. వెన్నునొప్పి తగ్గలేదు, పొద్దుటిపూట మరీ ఎక్కువ. పాస్తో పట్నంలో వెన్ను డాక్టరు ఎట్టకేలకు తేదీ ఇచ్చాడు, ఈ నెల ముప్పై, గురువారం పొద్దున తొమ్మిదికి. దీనికోసం ఎనిమిది నెలలు చూశాం. ఆ రోజు పోకపోతే మళ్లీ వరసలో చివర నిలబడాలట.

జీపు గురించి మూడు ప్రశ్నలు కింద గీత గీసి మరీ అడిగావు. కుర్చీ ముందుకు చూసేట్టే పెడుతున్నారా? పెడుతున్నాను. నువ్వు విప్పేసిన పక్క బల్లను మళ్లీ బిగించలేదు, జీపెక్కే జనం అడిగినా బిగించలేదు. నడుం బెల్టు కుర్చీ చేతుల మీంచి కాకుండా తుంటి మీంచే పోతోందా? అలాగే పోతోంది. కుర్చీని నేలకు బిగించే నాలుగు బెల్టులూ బాగున్నాయా? బాగున్నాయి.

ఇంతవరకు నిన్న ఆదివారం రాశాను. ఆ చివరి జవాబు అబద్ధం. కాగితం చించేద్దామనుకున్నాను. చించితే కొత్త కాగితం మీద కూడా అదే రాస్తానని భయం వేసి ఉంచేశాను.

పదహారో తారీకు మా డ్రైవర్లను కాచే కార్మెన్ మాత పండుగ. ఈ ఏడు ఊరేగింపులో మాతను మోసే వంతు మన జీపుకు వచ్చింది. నీ జ్ఞానతండ్రి హెర్నాన్ లారీలో మాత విగ్రహం ఒరిగి భుజం పెచ్చు లేచిన సంగతి నీకు గుర్తుండాలి. ఆరేళ్లయినా డ్రైవర్లు అతన్ని ‘మాతను పడేసినోడు’ అనే పిలుస్తారు. నాకు ఆ పేరు రాకూడదనుకున్నాను. కుర్చీ బెల్టులు తీసి విగ్రహానికి వేశాను. పీఠం చిన్నది, బెల్టులు పొడుగు, ఎంత లాగినా బిగుసుకోలేదు. “కోసి ముడెయ్యవోయ్, అమ్మవారి పనికి కూడా కొలతలేనా?” అన్నాడు హెర్నాన్. వెనకవి రెండూ కత్తితో కోశాను. ఊరంతా తిరిగినా మాత కదల్లేదు. అందరూ మెచ్చుకున్నారు, మెప్పు తీసుకుని ఇంటికొచ్చాను. అమ్మకు చెప్పలేదు.

పోయిన మంగళవారం, ఎప్పట్లాగే అమ్మను కాళ్ల కసరత్తుకు కింది ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ముందు రెండు బెల్టులు కొక్కేలకు తగిలించాను. వెనక, దుంపల మూటలు కట్టే తాడు వేశాను. మా నాన్న నేర్పిన ముడే. అది జారి ఒక్క మూట కూడా ఎప్పుడూ పడలేదు. కుర్చీలో కూర్చున్న మనిషికి వెనక ఏం కడుతున్నామో కనిపించదు కదా. “ఈరోజు ఇంతసేపు పట్టిందేం?” అని అడిగింది. బెల్టు మడత పడిందని చెప్పాను.

వాగు మలుపులో ఆవు అడ్డం వచ్చింది. బ్రేకు వేశాను. మూట అయితే అణిగి తాడును పట్టి ఉంచుతుంది. చక్రం అణగదు. తాడు చక్రం మీద పైకి జారిపోయి, కుర్చీ మొత్తం ముందుకు లేచింది. అమ్మ నుదురు ముందు సీటు ఇనుప కమ్మీకి కొట్టుకుంది. నువ్వు బిగించిన నడుం బెల్టు ఆపింది కాబట్టి నాలుగు కుట్లతో పోయింది. ఆసుపత్రి నర్సు ఎలా తగిలిందని అడిగితే తలుపు తగిలిందన్నాను. అమ్మ నా వైపు చూసింది. తిరుగు దారి అంతా నడక వేగంతో వచ్చాం. వాగు చప్పుడు వినిపించినప్పుడల్లా బండి ఇంకా నెమ్మది చేసేవాణ్ని.

ఇంటికొచ్చాక, వెనక కట్టింది తెమ్మని, ఆ తాడు చేతిలోకి తీసుకుని చూసింది. బెల్టులు ఏమయ్యాయని అడిగింది. చెప్పేశాను. శిలువ గుర్తు వేసుకుని అప్పుడంది: “ఆమె సున్నం బొమ్మ. పడితే అతికిస్తారు. నన్ను పదకొండేళ్లుగా అతికిస్తూనే ఉన్నారుగా, అతుక్కున్నానా?”

ఇక జీపు ఎక్కనంది. తేదీ పోతే పోనీ అంది.

ఆరు రోజులుగా నాకు నిద్ర లేదు. జీనులు కుట్టే అతను కోసిన బెల్టుల్ని కుట్టి ఇస్తానన్నాడు. కుట్టిన బెల్టును నమ్మొద్దని నువ్వు చెప్పిన మాట మనసులో మెదిలి వద్దన్నాను. ఈసారైనా నీ మాట విన్నాను. బస్సు మెట్లెక్కడం అమ్మకు కుదరదు. మిగిలింది జీపు ముందు సీటు. దానికి సొంత బెల్టు ఉంది, కానీ అది ఎత్తు. అమ్మను చేతులతో ఎత్తి కూర్చోబెట్టాలి. పదకొండేళ్ల కిందట దుంపల లారీ మీంచి పడ్డ రోజు నలుగురు కాళ్లూ చేతులూ పట్టుకుని మోశాక, తనను ఎత్తడానికి ఆమె ఎవర్నీ రానివ్వలేదు. మంచం మీదికి కూడా చెక్క వేసుకుని తనే జరుగుతుంది. నేనెలా అడగను?

ఈ పొద్దున దుంపలు చెక్కుతూ తనే అడిగింది.

“ముందు సీటు బెల్టు కూడా ఏ మాతకైనా ఇచ్చావా?”

“లేదు.”

“చూపించు.”

కుర్చీ తోసుకుంటూ వచ్చి బెల్టు పట్టుకుని మూడుసార్లు గట్టిగా గుంజింది. తర్వాత నా మెడ చుట్టూ చేతులు వేసింది. “పడేశావంటే యోవానీకి చెప్పను, హెర్నాన్‌కి చెప్తా,” అంది.

మొదటిసారి ఆమె పాదం తలుపుకు తగిలింది. రెండోసారి నా నడుం పట్టేసింది. మూడోసారికి సరిగ్గా కూర్చోబెట్టాను. ఆమె బరువు ఇంత తగ్గిందని ఎత్తేదాకా నాకు తెలియలేదు. గురువారం తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరుతాం. కుర్చీని మడిచి వెనక కట్టేస్తాను. పాస్తోలో ఆసుపత్రి గుమ్మం ముందు, అంత జనంలో మళ్లీ ఎత్తాలి. నాకు అక్కడి భయం ఒకటి, వాగు మలుపు భయం ఒకటి.

వెనక బెల్టులు రెండు పంపు. ఈ ఉత్తరం నీకు చేరేసరికి మేం వెళ్లి వచ్చేస్తాం, అయినా తర్వాతి మంగళవారాలకు కావాలి. నీ ముందు తలదించుకోవాల్సిన పని చేశాను. ఎలా తిట్టినా పడతాను. ఇంతా చదివి వినిపించాక, ఆ అబద్ధం కొట్టేయనా అని అమ్మను అడిగాను. ఉండనీ అంది. తర్వాత నాచేత జీపు లోపల, కుర్చీకి ఎదురుగా పై కమ్మీకి ఒక అద్దం బిగింపించింది. నేను గడ్డం గీసుకునే అద్దమే. ఖాళీ కుర్చీని దాని చోట పెట్టించి, వెనక చక్రాలూ కొక్కేలూ అందులో కనిపించేదాకా నాచేత అద్దం వంపు సరిచేయించింది.

“ఇకమీదట కట్టేది నువ్వు, చూసేది నేను,” అంది.

ఆ మూడు ప్రశ్నలూ ఇకనుంచి ఆమెనే అడుగు.

ఇట్లు,
మీ నాన్న,
పార్మెనియో