నలుగురం కొండెక్కాలని

3వ తేదీ, మంగళవారం

మా ఇంట్లో నాది ఆరంభశూరత్వం అని ఒక తీర్పు ఎప్పుడో అయిపోయింది. గిటారు కొని మూలన పడేశానట. తలనొప్పంటూ మూలన పెట్టించింది నాన్న. ఈతకి వెళ్లి వారానికే మానేశానట. నల్లబడిపోతున్నానని మాన్పించింది అమ్మ. పొయ్యిలో నీళ్లు పోసినవాళ్లే మంట ఏదని అడుగుతుంటే ఏం చెప్పను?

ఇవాళ ఉద్యోగం వచ్చింది. వంతెనలు కట్టేముందు నేల తవ్వి మట్టి పరీక్ష చేసే కంపెనీ. వేరే ఊరు. ఎండలో పని. నేను చదివిందే అది. ఇరవయ్యో తేదీలోగా జవాబివ్వాలి.

నాన్న కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకున్నారు.

"దూరపు కొండలు నునుపే తల్లీ. ముందు ఊరి చివర ఆ బుడ్డ కొండ మీదికి మమ్మల్నందర్నీ తీసుకెళ్లి, క్షేమంగా దింపు. ఆ తర్వాత ఉద్యోగం సంగతి మాట్లాడదాం."

సోఫాలో పడుకున్న అన్నయ్య పడుకునే నవ్వాడు. నేను సరేనన్నాను.

నిర్ణయం: ఈ ఆదివారం నలుగురం కొండ మీద ఉంటాం. ఎవరేమన్నా అరవను.

4వ తేదీ, బుధవారం

ఉత్సాహం పొంగుతోంది. ఆ కొండని కొండ అనడానికే మొహమాటంగా ఉంటుంది. బడిపిల్లలు వరసగా ఎక్కి దిగుతారు. బాట తిన్నగా ఉంది, మధ్యలో కూర్చోడానికి బల్ల ఉంది. పొద్దున్నే బయల్దేరితే ఎండ ముదిరేలోపు ఇంట్లో పడొచ్చు. ఎవరి నీళ్లు వాళ్లే మోసుకోవాలి, తిండి తేలిగ్గా ఉండాలి అని చెప్పాను. అందరూ తలూపారు. ఇంత సులువని తెలిస్తే ఎప్పుడో చేసేదాన్ని.

అమ్మ ఒక్కటే అడిగింది, పైన కుర్చీలుంటాయా అని. బండలుంటాయన్నాను. ఆ జవాబు ఆవిడకి నచ్చలేదు.

6వ తేదీ, శుక్రవారం

అన్నయ్య బూట్లు కొన్నాడు. మంచు పర్వతాలకి వేసుకునేవి. ఒక్కో బూటు చిన్న సూట్‌కేసంత ఉంది. తలకి కట్టుకునే లైటు కూడా. వెళ్లేది పగలు కదా అంటే, లైటు దారి కోసం కాదు, ఫోటో కోసమట. బూట్లు అలవాటు కావాలని సోఫాకీ ఫ్రిజ్‌కీ మధ్య కుంటుతున్నాడు. వాడు ఈ సంవత్సరంలో నడిచిన అతి పెద్ద దూరం అదే.

అమ్మ తేలిక తిండి సర్దుతోంది. ఉడకబెట్టాల్సిన గుడ్లు, ఫ్లాస్కులు రెండు, మడత కుర్చీ, తలగడ. ఇదేమిటంటే, నువ్వు తేలిగ్గా అన్నావనే రెండో తలగడ తీసేశానంది.

అరవలేదు.

8వ తేదీ, ఆదివారం

వెళ్లలేదు.

అన్నయ్య మడమల మీద బొబ్బలు. అమ్మకి ఆకాశంలో చేతిరుమాలంత మబ్బు కనిపించింది. అసలు కారణం నాన్న. ఆయన ఇన్సూరెన్స్ ఆఫీసులో ప్రమాదాలు తనిఖీ చేసే ఉద్యోగి. ముప్ఫై ఏళ్లుగా ఎవరెవరు ఎలా పడ్డారో చదువుతున్నారు. హోటల్లో కుర్చీని కూడా కదిపి చూస్తేగాని కూర్చోరు. కొండని ముందు తను తనిఖీ చేస్తేగాని కుటుంబాన్ని పంపరట. ఈ మాట మంగళవారం చెప్పొచ్చుగా? అడగలేదుగా అన్నారు.

అరవలేదు. తలుపు మాత్రం కాస్త గట్టిగా పడింది. గాలి.

12వ తేదీ, గురువారం

బాబాయి ఫోను చేశాడు. కొండ మాట మొదలుపెట్టి వదిలేశావటగా అన్నాడు.

నేనా?

14వ తేదీ, శనివారం

నాన్న ఒక్కరే కారేసుకుని వెళ్లి తనిఖీ ముగించుకొచ్చారు. మొహం వెలిగిపోతోంది. బ్రహ్మాండంగా ఉంది, మనందరికీ సరిపోయే కొండ అన్నారు. ఆయన్ని దాదాపు క్షమించేశాను.

15వ తేదీ, ఆదివారం

కొండ మొదట్లో కారాగింది. దిగి బూట్ల తాళ్లు బిగించుకుని తలెత్తితే, ఇంకెవరూ దిగలేదు.

"వెనక తారు రోడ్డుంది. పైదాకా కారు పోతుంది. ఎక్కు," అన్నారు నాన్న.

"నేను నడుస్తాను."

"నీ ఇష్టం. పైన కలుద్దాం."

కారు వెళ్లిపోయింది. నేను బాట పట్టి కొండెక్కాను. నిజం చెప్పాలంటే, బాగుంది. బాట పక్కన రాయి పొరలు పొరలుగా విచ్చుకుని ఉంది, గోరు పెడితే రాలే రకం. వంగి చూస్తూ నడవడంలో కాళ్లనొప్పి తెలియలేదు.

పైన ఎవరూ లేరు. గుడ్డు పెంకులు, మట్టిలో మడత కుర్చీ కాళ్ల గుంటలు. ఫోను తీశాను. ఇంటివాళ్ల గ్రూపులో ముగ్గురి ఫోటో, అన్నయ్య నుదుటి మీద పట్టపగలు లైటు. కింద నాన్న రాత: కుటుంబమంతా కొండెక్కేశాం. దాని కింద అమ్మ: ఎండగా ఉంది, దిగిపోయాం, నువ్వూ వచ్చెయ్.

దిగి వచ్చాను. కార్లో నాన్న తీరిగ్గా లెక్క తేల్చారు.

"మేం ముగ్గురం ఎక్కాం, దిగాం. నువ్వే మధ్యలో ఎక్కడో ఆగిపోయావు."

"పైదాకా వెళ్లాను నాన్నా."

"ఫోటోలో లేవుగా."

అప్పుడు అరిచాను. కారద్దాలు అదిరేలా. పన్నెండు రోజులు దాచుకున్నదంతా.

"అదిగో, ఎండదెబ్బ," అంది అమ్మ, నీళ్ల సీసా నా చేతిలో పెడుతూ. "ఇంటి పక్క కొండకే ఇలా అయితే, రోజూ ఎండలో ఉద్యోగం ఏం చేస్తావే?"

16వ తేదీ, సోమవారం

బాబాయి ఫోన్లో అభినందనలు చెప్పాడు. నాన్నకి. అన్నయ్య ఆ ఫోటో ఆఫీసులో అందరికీ చూపించాడట. భోజనాల దగ్గర నాన్న కొత్త ప్రతిపాదన పెట్టారు. ఈసారి పెద్ద కొండ. ప్లాను నువ్వే వెయ్యి, అది సరిగ్గా జరిపిస్తే ఉద్యోగం గురించి ఆలోచిద్దాం అని.

కంపెనీకి మధ్యాహ్నమే జవాబు రాసేశానని చెప్పాను. ముగ్గురి చేతులూ కంచాల్లోనే ఆగిపోయాయి. ఎవర్ని అడిగి రాశావన్నారు నాన్న. ఎవర్నీ అడగలేదన్నాను. గొంతు పెంచలేదు. అవసరం రాలేదు.

నిర్ణయం: ఆదివారం మళ్లీ కొండెక్కుతున్నాను, ఒక్కదాన్నే, బస్సులో వెళ్లి. ఒకటో తేదీన ఉద్యోగంలో చేరుతున్నాను.