రైతులందరికీ వెళ్లిన బిర్యానీ మెసేజ్

మంగళవారం, రాత్రి

ఇంకా నవ్వు ఆగడం లేదు. భయం కూడా పోలేదు.

మా యాప్‌లో చెరువు ఆక్సిజన్ తప్పుగా చూపిస్తోందని పొద్దున రొయ్యల రైతు మస్తాన్ అన్న అంటే, నా లాప్‌టాప్‌ను రైతుల అసలు వివరాలుండే ప్రొడక్షన్ డేటాబేస్‌కు కనెక్ట్ చేసి సరిచేశాను. పని అయ్యాక మళ్లీ టెస్ట్ డేటాబేస్‌కు మార్చడం మరిచిపోయాను. టెస్ట్‌లో ఉండేవి నా నంబరు, పక్క సీటు సునీత నంబరు మాత్రమే. సునీతను నవ్వించడానికి రోజూ టెస్ట్ మెసేజ్‌గా ఏదో ఒకటి పంపుతుంటాను. ఇవాళ పంపింది: "మీ రొయ్యలు బిర్యానీకి సిద్ధం. రెండు కిలోలు ఆఫీసుకు తెచ్చివ్వండి."

అది వాకాడు వైపు రొయ్యల రైతులందరికీ వెళ్లింది.

మొదటి ఫోన్ మస్తాన్ అన్నదే. "ఏందమ్మా, రొయ్య ఇంకా పట్టుబడికి రాలేదే. ఇప్పుడే తెమ్మంటే ఎట్టా?"

పొరపాటు జరిగిందని అందరికీ ఇంకో మెసేజ్ పెట్టాం. అయినా సాయంత్రం ఆయన పెద్ద క్యారేజీతో ఆఫీసుకు వచ్చాడు. "నోరు తెరిచి అడిగినారు గదా. మా ఆవిడ వండి పంపించింది, తినండి."

తింటూ సునీత అడిగింది, "అక్కా, ఈ మెసేజ్ తర్వాత చేయాల్సిన టెస్టు ఏంది?"

చెరువుల వివరాలన్నీ చెరిపేసే టెస్టు. అన్న ఫోన్ వచ్చేసరికి ఆ కమాండ్ టైప్ చేసేసి ఉన్నాను. ఎంటర్ నొక్కడమే మిగిలింది.

ఆ ఫోన్ పెట్టేయగానే ప్రొడక్షన్ పాస్‌వర్డ్ నా లాప్‌టాప్‌లోంచి తీసేశాను. ఇప్పుడు మాత్రం మాట మార్చి, అన్నకు ఇంకొంచెం బిర్యానీ వడ్డించాను.