మాయను తాకిన జ్వరం

మామయ్యగారికి నమస్కారాలు.

చిన్న కోడలు చిహారుకు మూడో నెల అని తెలిసి, మోచీ బియ్యపు మిఠాయిలు పట్టుకుని ఆదివారం మీ ఊరు నీగతా నుంచి ఆమెను చూడటానికి బయలుదేరుతున్నానని రాశారు. రావద్దని చెప్పడానికే ఈ ఉత్తరం.

పోయినేడు నాకూ మూడో నెలే. మీరు జ్వరంతో, ఒళ్ళంతా ఎర్రటి దద్దుర్లతో మా ఇంటికి వచ్చి నా పక్కనే కూర్చున్నారు. అంతకుముందు ఊళ్ళో ఆ దద్దుర్ల జ్వరం రాకుండా రుబెల్లా టీకా ఊరికే వేస్తామంటే, "నాకు సూదేమిటి, పసిపిల్లాడినా?" అని నవ్వారట.

ఐదో నెలలో బిడ్డ పోయింది. "కడుపుతో ఉండి ఆఫీసుకు పరుగులు తీస్తే ఇంతే మరి!" అన్నారు మీరు, చుట్టాలందరి ముందూ.

డాక్టరు బిడ్డతోపాటు బయటికొచ్చిన మాయను పరీక్ష చేయించారు. "రుబెల్లా వైరస్ మీ రక్తంలోంచి మాయలోకి దిగి, అక్కడి సన్నటి రక్తనాళాలను పాడుచేసింది. బిడ్డకు అందాల్సింది అందలేదు. మీ తప్పేమీ లేదమ్మా" అన్నారు. మీకు చెబుదామంటే మీ అబ్బాయి, "నాన్న తట్టుకోలేరు, వదిలెయ్" అన్నారు. ఏడాదిపాటు నోరు మూసుకున్నాను.

నిన్న చిహారుకు అంతా చెప్పాను. ఆమె "ఆయన ఇప్పుడొస్తే నా బిడ్డకూ ప్రమాదమా అక్కా?" అని అడిగింది.

ఒకసారి వచ్చినవాళ్ళకు ఆ జబ్బు మళ్ళీ రావడం చాలా అరుదని డాక్టరు నాకెప్పుడో చెప్పారు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. మీరే చెప్పుకోండి. ఆమె మీకు తలుపు తీస్తే కదా!

మీ పెద్ద కోడలు