వండే ముందు తీసిన పిడికెడు

నాగాయలంక

పెద్దమ్మా,

నిన్ను అడగకుండా నీ కథ చర్చిలో చెప్పేశాను. ముందు ఆ తప్పు ఒప్పుకుంటున్నాను.

వండిన ప్రతిసారీ పిడికెడు బియ్యం తీసిపెట్టి ఆదివారం తేవడం ఇక్కడ చాలామంది మానేశారు. పేదవాళ్లకి పంచే బియ్యం పెట్టె అడుగు కనబడుతోంది. ఇవ్వమని ఎన్నిసార్లు ప్రసంగించినా తలలు దించుకునేవారు. అందుకే ఈసారి అప్పట్లో నువ్వు చూసిన ఉప్పెన సంగతి చెప్పాను. మిగిలిన తడి బియ్యంలోంచి కూడా అమ్మమ్మ పిడికెడు తీసిందట. "చర్చే కొట్టుకుపోయిందిగా, ఎవరికమ్మా?" అని నువ్వడిగితే, "ఎవరో ఒకరు వస్తార్లే" అందటగా.

చెప్పి కూర్చున్నాను.

మరుసటి ఆదివారం పెట్టె నిండింది. అందరి తర్వాత దీవెనమ్మ వచ్చింది. ఆ పెట్టెలో బియ్యంతోనే బతికే ముసలావిడ. నువ్వివ్వక్కర్లేదమ్మా అనబోయాను. ఆవిడ కొంగుముడి విప్పింది.

"మీరిచ్చిన బియ్యమేనండి అయ్యగారూ. వండే ముందు తీశాను. ఎవరో ఒకరు వస్తారుగా."

ప్రార్థనకి లేచినవాణ్ణి, నువ్వే చెయ్యమ్మా అని ఆవిడని అడిగాను. ఆ రోజు మా అందరి కోసం ఆవిడే ప్రార్థన చేసింది.

నా మీద కోపం లేకపోతే వచ్చే ఆదివారం బందరు నుంచి పొద్దున్నే బయల్దేరి రా. ఆవిడ పక్కన కూర్చుందువుగాని.

నీ చెల్లెలి కొడుకు