బతికున్న అక్క పేరిట ఒక కట్టు

పటమట, విజయవాడ

ప్రియమైన అక్కకి సుశీల వందనాలు.

ఏళ్ల తరబడి నోటిదాకా వచ్చి ఆగిపోయిన మాట ముందే అడిగేస్తాను. యుద్ధం ఇంకా జరుగుతుండగానే నువ్వు మిలిటరీ ఆసుపత్రిలో నర్సు పని వదిలి బరంపురం ఎందుకు వచ్చేశావు? అమ్మ పోయాక నన్ను చూసుకునే దిక్కు లేదనేగా?

నీ మోకాళ్ల నొప్పులెలా ఉన్నాయి? బావగారి దగ్గు తగ్గిందా? నేను బాగానే ఉన్నాను, బెంగ పెట్టుకోకు. కాలేజీలో పిల్లలు మంచివాళ్లు. ఎండలు మాత్రం మాడ్చేస్తున్నాయి. ఇక్కడి కూరల కారానికి నోరు అలవాటుపడింది. సాయంత్రాలే తోచదు. అందుకే ఇంటావిడ కరుణమ్మగారు పిలవగానే మొన్న శనివారం వాళ్ల యుద్ధ నర్సుల సంఘానికి వెళ్లాను.

ఈ సంఘం సంగతి ఇదివరకు రాస్తే, "మధ్యలో వచ్చేసినదాన్ని, నాకెందుకే సంఘాలు?" అన్నావు. అక్కా, అక్కడ దండలూ ఉపన్యాసాలూ ఏమీ లేవు. చర్చి వరండాలో చాపలు పరుచుకుని, ఉడకబెట్టి ఆరేసిన పాత పంచెలు చింపి, పెద్దాసుపత్రికి గాయాల కట్లు చుడతారు. ఒక్కో కట్టు చుట్టి, అప్పట్లో తమతో పనిచేసిన ఒక్కొక్కరి పేరు చెబుతారు. నేనూ ఒకటి చుట్టి నీ పేరు చెప్పాను.

"లెక్చరర్ గారూ, ఇది కట్టా, పకోడీల పొట్లమా అండీ?" అంటూ కరుణమ్మగారు విప్పి మళ్లీ చుట్టించారు. అంతలో అందరూ లేచి నిలబడి ప్రార్థన మొదలుపెట్టారు. "ప్రభువునందు నిద్రించిన మా సహోదరి..." అని నీ పేరు చదివారు. ఇంటివాళ్లు వచ్చి కట్టు చుట్టారంటే ఆ నర్సు పోయినట్టేనట అక్కడ!

"అయ్యయ్యో, మా అక్క బతికే ఉందండీ!" అన్నాను.

ఒకటే నవ్వులు. "బతికుంటే ఆవిడే వచ్చి చుట్టాలి కదండీ, రమ్మనండి" అన్నారు కరుణమ్మగారు.

"మధ్యలో వచ్చేశానని రానంటోందండీ."

ఆవిడ నవ్వు ఆగిపోయింది. "చివరిదాకా ఉన్నవాళ్లం ఎంతమందిమండీ? ఉన్నన్నాళ్లూ నిద్రమాని సేవ చేసిందా, లేదా? ఇంటికొచ్చి చెల్లెల్ని పెంచిందా, లేదా? సంఘం పుస్తకంలో పేరు నేను రాస్తాను. సంతకం మాత్రం ఆవిడే పెట్టాలి."

నీ పేరు రాశారు. నేను చూస్తుండగానే రాశారు.

నా చదువూ, ఈ ఉద్యోగమూ నీ చలవే అక్కా. ఎదురుగా ఉన్నన్నాళ్లూ ఈ మాట అనలేకపోయాను. వచ్చే నెల సమావేశానికి రా. వచ్చేటప్పుడు నువ్వు ఒత్తిన అప్పడాలు కాసిని పట్టుకురా. బావగారికీ, పాస్టరమ్మగారికీ నా వందనాలు చెప్పు. నీ ప్రార్థనలో నన్ను మరిచిపోకు.

ఒక్క సంగతి దాచలేను. నిన్ను రమ్మంటున్నది నీకు దక్కాల్సిన గౌరవం కోసమో, నా వల్లే వదులుకున్నావన్న నా బాధ తీరడం కోసమో, ఎంత ఆలోచించినా తేల్చుకోలేకపోతున్నాను.

నువ్వు పెంచిన
సుశీల