ఒక్కసారి రండి

నా కందిరీగకి,

మీ బావ నిన్న షాపుకొచ్చాడు. కళ్ళజోడు ముక్కు దగ్గర వదులైందని నెపం. స్క్రూ బిగించి, అద్దాలు తుడిచి చేతికిచ్చేదాకా వాన గురించి, మోకాలి నొప్పి గురించి మాట్లాడి, లేచేటప్పుడు అసలు సంగతి బయటపెట్టాడు. "మా మరదలు ఒక్కటే అడుగుతోందయ్యా. నీ మ్యూజిక్‌లోంచి తన గొంతు తీసేయమంది. ఇంకేమీ అడగలేదు" అన్నాడు. ఇంకేమీ అడగలేదన్నది మాత్రం రెండుసార్లు చెప్పాడు. నువ్వు ఫోన్ ఎత్తవు కనుక జవాబు కాగితం మీద రాస్తున్నాను. తీయను.

కోప్పడకు. కోప్పడినా ఫరవాలేదు, అసలు ఏదో ఒకటి పడు. నువ్వు వెళ్ళి ఏడు వారాలైంది. పొద్దున్న షాపు, రోజంతా అద్దాలు అరగదీసే మెషీను రొద, సాయంత్రం ఇల్లు, కంప్యూటరు. బీట్ అంటే పాట కాదు, పాట నిలబడే పునాది అని నీకు ఎన్నిసార్లు చెప్పానో. కిందనుంచి కడుపులోకి దిగే బేస్, దాని మీద గబగబా పడే హై-హ్యాట్ తాళాల చప్పుడు, మూడో దెబ్బకి ఒక చప్పట్ల మోత. నేను చేసే ట్రాప్ మ్యూజిక్ అంటే అంతే. పాడేవాడు ఎక్కడో ఉంటాడు, నా పేజీలో విని నచ్చితే తీసుకుంటాడు. ఎవడూ ఊరికే ఎత్తుకుపోకుండా ప్రతి బీట్ మొదట్లో చేసినవాడి గుర్తు ఒకటి వినిపించాలి. దాన్నే ట్యాగ్ అంటారు. కొందరు పులి గాండ్రింపు పెడతారు, కొందరు తుపాకీ మోత పెడతారు. నాకు నువ్వు దొరికావు. "ఏమండీ, ఒక్కసారి రండి!" నీ గొంతుని కాస్త లావు చేసి, చివర నూతిలోంచి వచ్చినట్టు సాగదీశాను. అది ఆగగానే బేస్ పడుతుంది. నలభై ఒక్క బీట్లు చేశాను, అన్నిటికీ అదే మొదలు. పులులున్నచోట పెళ్ళాం పిలుపు పెట్టిన మొనగాణ్ణి నేనొక్కణ్ణే.

నీ టికెట్ కౌంటర్ దగ్గర ఎవరో ఒకామె మైకులో నీ మాట విని, "మేడమ్, ఆ పాటలో ఏమండీ అనేది మీరేనా?" అని అడిగిందట. అందులో తలవంపులేముంది? రోజూ అద్దం వెనకాల కూర్చుని మైకులో ఊరందరినీ పిలుస్తూనే ఉంటావు కదా. మొదటిసారి నీకు వినిపించినప్పుడు నువ్వు గిన్నెలు తుడుస్తున్నావు. "ఇదెక్కడిది?" అన్నావు. పాత రికార్డింగుల్లో దొరికింది, అన్నానికి పిలిచుంటావు అన్నాను. నువ్వు ఆ గిన్నెనే మళ్ళీ తుడిచావు. నచ్చిందనుకున్నాను.

ఒక మాట రాయాలి. ఎదురుగా ఉంటే నా నోట రాదు. నాలుగో నెలలో మన బిడ్డ పోయిన ఆ ఆదివారం నేను ఇంట్లోనే ఉన్నాను. అప్పుడు నా దగ్గరున్నది ఉచితంగా వచ్చే సాఫ్ట్‌వేర్. అందులో అన్నీ పనిచేస్తాయి, దాచుకోవచ్చు కూడా, కానీ చేస్తున్న బీట్ ఒకసారి మూసేస్తే, సాఫ్ట్‌వేర్ కొనేదాకా మళ్ళీ తెరుచుకోదు. కూర్చుంటే పూర్తిచేసే లేవాలి. "ఇల్లు తగలబడినా నన్ను కదపొద్దు" అని నేనే నీతో అన్నాను. చెవులకు హెడ్‌ఫోన్లు. పని అయ్యాక తీసి చూస్తే ఇంట్లో నువ్వు లేవు, బాత్రూమ్ తలుపు తీసి ఉంది. నేను ఆసుపత్రికి చేరేసరికి అంతా అయిపోయింది. మీ అక్కతో, మా అమ్మతో, అందరితో నువ్వు "ఆయన షాపులో ఉన్నారు" అని చెప్పావు. ఆదివారం షాపేమిటని ఎవరూ అడగలేదు. నేనూ కాదనలేదు. నన్ను కాపాడుతున్నావనుకుని, కుక్కిన పేనులా పడి ఉన్నాను.

అప్పటినుంచి నాకు ఏడుపు రాలేదు. చెయ్యి కిందపెట్టి పడుకుంటే మొద్దుబారి పక్కవాడి చెయ్యిలా అనిపిస్తుంది చూడు, ఒళ్ళంతా అలా ఉంది. తింటున్నాను, నిద్రపోతున్నాను, షాపులో జోకులేస్తే నవ్వుతున్నాను. రోజు మొత్తంలో ఆ ఒక్క మాట వినపడినప్పుడే ఇంట్లో మనిషి ఉన్నట్టుంటుంది. అది కూడా తీసేయమంటే ఎలా?

నీ
కళ్ళజోళ్ళాయన

*

కందిరీగకి,

పోయిన ఉత్తరం చించెయ్. ఇంకా చదవకపోతే చదవకుండానే చించెయ్.

నీకూ నాకూ మధ్యగా ఏదో రాజీ చేద్దామనుకున్నాను. ఆ మాట తీసేసి, అదే రికార్డింగులో నీది ఇంకో మాట ఉంటే పెడదాం, ఎవరూ పోల్చుకోలేని చిన్న "ఊఁ" లాంటిదైనా చాలు అనుకున్నాను. అందుకని అసలు ఫైలు వెతికాను. బీట్ తెరుచుకోకపోయినా, మైకులోంచి రికార్డైన శబ్దాలు పక్కన ఇంకో ఫోల్డర్లో విడిగా పడి ఉంటాయి. పేర్లుండవు, నంబర్లే. ట్యాగ్ కోసం వెతికిన రోజున నేను వాటిని వినలేదు, చూశాను. శబ్దం తెర మీద గీతలా కనబడుతుంది కదా, గీత బాగా లేచిన చోట నొక్కితే నువ్వు పలికావు. ఆ సెకనున్నర కత్తిరించుకుని మిగతాది మూసేశాను. ముందేముందో, వెనకేముందో వినలేదు. ఈ పని చేసేవాళ్ళందరం అలాగే చేస్తాం.

ఈసారి తేదీ చూశాను. ఆ ఆదివారమే.

పదకొండు నిమిషాలుంది. కూర్చుని మొత్తం విన్నాను. ఆ రోజు చప్పట్ల బదులు కళ్ళజోడు డబ్బా మూత టప్పుమని వేస్తూ రికార్డు చేశాను, నీకు గుర్తుండే ఉంటుంది. నా చెవుల్లో బీట్ మోగుతోంది, మైకు గదిని వింటోంది. మొదటి నాలుగు నిమిషాలు డబ్బా చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత బాత్రూమ్ తలుపు. "ఏమండీ." డబ్బా. "ఏమండీ, ఒక్కసారి రండి!" డబ్బా. కాసేపటికి ఇంకోసారి, ఈసారి గొంతు సగమే. డబ్బా ఒక్క దెబ్బ కూడా తప్పలేదు. ఎనిమిదో నిమిషంలో వీధి తలుపు తీసిన చప్పుడు. పక్కింటి టైలరమ్మ "అయ్యో తల్లీ, నా చెయ్యి పట్టుకో, మెల్లగా" అంటోంది. తలుపు పడింది. ఆ తర్వాత కూడా మూడు నిమిషాలు వాయించాను. చివర్లో "సూపర్" అని నాకు నేనే చెప్పుకున్నాను. అది కూడా రికార్డైంది.

నువ్వు చావు కేక పెడితే దాన్ని లావు చేసి, నూతిలో పెట్టి, నలభై ఒక్కసార్లు అమ్ముకున్నాను. నీ ఎదురుగా పెట్టి ఎలా ఉందని అడిగాను. గిన్నె తుడుస్తూ నిలబడ్డావే, ఆ గిన్నె నా నెత్తిన వేయాల్సింది.

ఏడుద్దామని కూర్చున్నాను. రాలేదు. ఇప్పుడు కూడా రాకపోతే ఇంకెప్పుడు వస్తుందిరా అని నన్ను నేను తిట్టుకున్నాను. అయినా రాలేదు. లేచి పళ్ళు తోముకుని షాపుకి వెళ్ళాను. ఒక పెద్దావిడకి కుడికంటి అద్దం ఎడమకంటికి బిగించాను. "బాబూ, లోకం వంకరగా ఉంది" అంది. సారీ చెప్పి మార్చి ఇచ్చాను.

నా పేజీలోని బీట్లన్నీ దించేశాను. తీసుకున్నవాళ్ళకి ఒక్కొక్కరికీ రాశాను, ఆ మాట కోసేసి మళ్ళీ పెట్టండి, ఖాళీది పంపిస్తానని. కొందరు సరేనన్నారు. ఎక్కువమంది విన్న పాట ఉంది చూడు, అది పాడిన కుర్రాడు మాత్రం "అన్నా, పాటకి ప్రాణం అదే కదన్నా" అంటున్నాడు. వాణ్ణి రోజూ బతిమాలుతున్నాను. ఇక నేను బీట్లు చేయను. చెవులు మూసుకునే పని ఏదీ చేయను. ఈ పదకొండు నిమిషాల ఫైలు చెరిపేద్దామని వేలు మీట మీద పెట్టి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాను. గొంతు నీది కనుక నిన్ను అడుగుతున్నాను. ఊఁ అను, చెరిపేస్తాను.

క్షమించమని రాయడానికి నాకు మొహం లేదు.

కళ్ళజోళ్ళాయన

*

కళ్ళజోళ్ళ దొరగారికి,

మీ రెండు ఉత్తరాలూ కౌంటర్లోనే చదివాను. ఎదురుగా పదిమంది క్యూ. ఒక చేత్తో చదువుతూ ఇంకో చేత్తో టికెట్లు ఇచ్చాను, చిల్లర ఒక్కసారి కూడా తప్పలేదు. అంటే నేనూ మీలాగే తయారయ్యానన్నమాట. ఏడుపు రాలేదని మీరొక్కరే గొప్పలు పోనక్కర్లేదు.

తెలియక చేశారని నాకు ముందే తెలుసు. అన్నానికి పిలిచుంటావు అన్నప్పుడు మీ మొహం చూశాను. అంత సంబరంగా అబద్ధం చెప్పడం మీ వల్ల కాదు. అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. ఏడు వారాల కింద మా అక్క ఇంటికి "నాలుగు రోజులుండి వస్తాను" అని బయల్దేరినప్పుడు కూడా చెప్పలేదు. మీకు తెలియనిది ఇంకొకటి ఉంది, అది చెప్పాల్సి వస్తుందని భయం.

మూడోసారి పిలిచాక నేను లేచి వచ్చాను. గోడ పట్టుకుని మీ గది గుమ్మం దాకా వచ్చాను. మీ వీపు కనబడింది. తలాడిస్తూ, డబ్బా మూత ఎత్తుతూ, దించుతూ ఉన్నారు. మనిద్దరి మధ్య నాలుగడుగుల దూరం ఉంటుందేమో. వెళ్ళి భుజం మీద చెయ్యి వేస్తే సరిపోయేది. వేయలేదు. మూసేస్తే మళ్ళీ తెరుచుకోదన్నారు కదా, పొద్దుటినుంచి కూర్చున్నారు పాపం, ఇంకాస్సేపట్లో అయిపోతుందిలే అనుకున్నాను. కాళ్ళ మీద ఏం కారుతోందో తెలుస్తూనే అలా అనుకున్నాను. ఆడదాని బుద్ధి అనండి, పెళ్ళాం బుద్ధి అనండి, మట్టిబుర్ర అనండి. వెనక్కి తిరిగి వెళ్ళి టైలరమ్మకి ఫోన్ చేశాను.

మీరు షాపులో ఉన్నారని చెప్పింది మిమ్మల్ని కాపాడడానికి కాదు. ఇంట్లోనే ఉన్నాడంటే "మరి పిలవలేదా?" అంటారు, పిలిచానంటే "వెళ్ళి కదపలేదా?" అంటారు. దానికి నా దగ్గర జవాబు లేదు. డాక్టరమ్మ ఆ రోజే నాతో చెప్పింది, "గంట ముందు తీసుకొచ్చినా ఆగేది కాదమ్మా, ఎవరి తప్పూ లేదు" అని. ఆ మాట మీకు చెప్పకుండా దాచాను. మీ మీద కోపం లేదని రాయబోయాను. అబద్ధం. కోపంతోనే దాచాను. మీరూ కాస్త మొయ్యండి అనుకున్నాను. ఇప్పుడు చెప్తున్నాను, దించేయండి.

నా మీద కూడా అంతే కోపం ఉంది. ఆ పాట ఎక్కడ మోగినా నేను ఆ గుమ్మంలోకి వెళ్ళి నిలబడిపోతున్నాను. బస్సులో మోగితే బస్సులో, కూరగాయల దగ్గర మోగితే కూరగాయల దగ్గర. అందుకే తీసేయమన్నాను. తీసేశారు, చాలు. ఆ కుర్రాణ్ణి బతిమాలడం మీ వల్ల కాకపోతే నంబరు పంపండి, నేను మాట్లాడతాను. నేను కుడితే ఎలా ఉంటుందో మీకు తెలుసు.

బీట్లు మానేయకండి. మానేసి ఏం చేస్తారు, నా మొహం చూస్తూ కూర్చుంటారా? మీ వెనకనుంచి వచ్చేవాళ్ళు కనబడేలా కుర్చీ గుమ్మం వైపు తిప్పుకోండి, అంతే.

ఫైలు మాత్రం చెరపకండి. స్కాన్ కాగితాలు ఆసుపత్రిలోనే ఉండిపోయాయి. తెచ్చుకుందామంటే కాళ్ళు రాలేదు. బట్టలు ఇంకా కొనలేదు, పేరు ఇంకా అనుకోలేదు. బిడ్డ ఉన్నాడనడానికి మన దగ్గర ఏమీ లేదు. మొదటి నాలుగు నిమిషాల్లో డబ్బా చప్పుడు తప్ప ఏమీ లేదని రాశారు. అప్పుడు నేను పక్కగదిలో పడుకుని ఉన్నాను. నొప్పి ఇంకా మొదలవలేదు. మీరు వాయిస్తుంటే పొట్ట మీద చెయ్యి వేసుకుని, "మీ నాన్నకి వేరే పని లేదురా" అని చెప్తున్నాను. మైకుకి అందేంత గట్టిగా అనలేదు.

ఆ నాలుగు నిమిషాలూ మనం ముగ్గురం ఇంట్లో ఉన్నాం. నాకు అది వినాలని ఉంది. ఆదివారం వస్తున్నాను. హెడ్‌ఫోన్లు వద్దు, స్పీకర్లో పెట్టండి.

మీ
కందిరీగ